ధరాలీకి సైరన్ ఎప్పుడు పెడతారు? కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర మంత్రి గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాస్తున్నాను.

మేం పంపిన అర్జీ ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ అర్జీలో మేం అడిగింది ఒక్కటే. హిమానీనదాల (కొండల మీద పేరుకుని మెల్లగా జారే మంచు) కింద బతుకుతున్న కొండ ఊళ్లకు వరద సంగతి ముందే తెలిసేలా సైరన్లు పెట్టమని. ఎక్కడ పెట్టారో, ఎవరు చూసుకుంటున్నారో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. అంతకుముందు పంపినవాటికి ఆ పాటి జవాబు కూడా రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేటట్టు రాస్తున్నాను.

నేను వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి ఏటా యాత్రికులను చార్‌ధామ్‌కు తీసుకెళ్తాను. కాజీపేటలో రైలెక్కించిన కాడి నుంచి మళ్లీ అక్కడే దింపేదాకా వాళ్ల బాధ్యత నాది. కానీ ఆ కొండల్లో మాకు వేడన్నం పెట్టేది, చలికి రజాయి ఇచ్చేది, నడవలేని పెద్దమ్మలను డోలీలో మోసేది అక్కడి ఊళ్ల జనం. గంగోత్రి పోయే మా బస్సులు ఉత్తరాఖండ్‌లోని ధరాలీలో ఆగేవి. భాగీరథి ఒడ్డున హోటళ్లు, వాటి వెనక ఆపిల్ తోటలు. తిరుగు ప్రయాణంలో మావాళ్లు హర్సిల్ రాజ్మా సంచులకొద్దీ కొనుక్కునేవాళ్లు.

2025 ఆగస్టు 5న ఖీర్ గాడ్ వాగు ఆ ఊరి మీద పడింది. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. నదికి అవతల, ఎత్తు మీద ముఖ్‌బా ఉంది. చలికాలంలో గంగమ్మ తల్లిని అక్కడికే తెచ్చి కొలుస్తారు. పైనుంచి బురద దిగడం ఆ ఊరివాళ్లకు కనబడింది. మధ్యలో నది. వాళ్ల చేతిలో ఏముంది? ఈలలు వేశారు. పారిపొమ్మని గొంతు చించుకుని అరిచారు. వీడియోలో ఆ ఈలలు వినబడతాయి, పరుగెత్తే మనుషులు కనబడతారు, వాళ్ల వెనకే బురద. చూస్తుండగానే అంతస్తులకు అంతస్తులు ఒరిగిపోయాయి. మేం భోంచేసే హోటల్ ఇప్పుడు లేదు.

మంత్రి గారూ, ధరాలీకి అందిన హెచ్చరిక పొరుగూరివాళ్ల ఈల.

మొదట కుంభవృష్టి అన్నారు. తీరా చూస్తే కింద వాన కొలిచే కేంద్రాల్లో అంత వాన నమోదు కాలేదు. హిమానీనదం వెనక్కి పోతూ వదిలిన మట్టీ రాళ్ల గుట్టలు కూలి ఉండొచ్చని, పైన మంచు విరిగిపడి ఉండొచ్చని శాస్త్రవేత్తలు చెప్పారు. కారణం ఏదైనా కానివ్వండి, పైన ఏం కదులుతోందో కింది ఊరికి చెప్పే ఏర్పాటు లేదు. నా గోడు అదే.

ఇది ధరాలీతో మొదలైంది కూడా కాదు. 2021 ఫిబ్రవరి 7న అదే రాష్ట్రంలోని చమోలీలో రాయీ మంచూ కలిసి విరిగిపడి 200 మందికి పైగా పోయారు. తపోవన్ దగ్గర పని చేస్తున్న ఒకబ్బాయికి పైనున్న ఊళ్లో తల్లి వరదను చూసి ఫోన్ మీద ఫోన్ చేసింది. అతను మొదట నమ్మలేదు. ఆమె మళ్లీ చేసింది. అలా అతనూ, పక్కనున్న కూలీలూ పైకెక్కి బతికారు. పెద్ద విద్యుత్ ప్రాజెక్టు అది. అక్కడ ఒక తల్లి ఫోన్ చేయకపోతే వాళ్ల గతి ఏమిటి?

సిక్కింలో హిమానీనదం కరిగిన నీళ్లతో నిండిన సౌత్ ల్హోనాక్ సరస్సు ప్రమాదకరమని ఏళ్ల తరబడి తెలుసు. 2016లో పైపులు వేసి కొంత నీళ్లు తోడారు. 2023 సెప్టెంబర్‌లో కెమెరా, వాతావరణ పరికరం పెట్టారు. హెచ్చరిక వ్యవస్థ పూర్తికాకముందే అక్టోబర్ మొదటి వారంలో సరస్సు తెగింది. చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్ట రాత్రికి రాత్రే కొట్టుకుపోయింది. అప్పుడైనా తొందరపడాల్సింది కదా!

మా ఓరుగల్లువాళ్లకు చెరువంటే ఏమిటో తెలుసు. కాకతీయులు తవ్వించిన చెరువుకు తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది. అయినా 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడితే ఊరంతా వణికిపోయాం. మంచు కరిగి కొండ మీద నిలిచే చెరువుకు తూము కట్టినవాడు లేడు, మత్తడి పెట్టినవాడు లేడు. వదులు మట్టీ రాళ్లే దానికి కట్ట. 2013 జూన్ 17 పొద్దున కేదార్‌నాథ్ పైన చోరాబారి తాల్ అనే సరస్సు అలాగే తెగింది. తెలుగువాళ్లు ఎందరు అక్కడ చిక్కుకున్నారో, ఎన్ని ఇళ్లు ఫొటోలు పట్టుకుని ఎదురుచూశాయో మీకు నేను చెప్పాలా?

అదే 2023 జూలైలో మా భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచింది. జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి, కొందరు కొట్టుకుపోయారు. ఆ పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాన లెక్క కట్టే యంత్రం మా దగ్గర ఉంది. ఆ లెక్క చూసి నిద్రపోతున్న ఊరిని లేపే మనిషి లేడు. అందుకే ధరాలీ మాకు పరాయి ఊరిగా అనిపించదు.

డబ్బు లేదనకండి. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో రూ.4,081 కోట్లు ఆమోదించారు. హిమానీనద సరస్సుల ముప్పు తగ్గించే కార్యక్రమానికి 2024లో ఇచ్చింది రూ.150 కోట్లు. అదీ ఉత్తరాఖండ్, హిమాచల్, సిక్కిం, అరుణాచల్ నాలుగింటికీ కలిపి. రోప్‌వే వస్తే నా వ్యాపారానికి లాభమే. అయినా చెబుతున్నాను, ఈ లెక్క న్యాయం కాదు. మేం ఏడాదికి పది రోజులు పోయి వస్తాం. వాళ్లు పన్నెండు నెలలూ ఆ వాగు పక్కనే పండుకుంటారు.

హిందూకుష్ హిమాలయాల్లో హిమానీనదాలు 2011-2020 మధ్య అంతకుముందు పదేళ్లకంటే 65 శాతం వేగంగా కరిగాయని 2023లో అంతర్జాతీయ నివేదిక చెప్పింది. శాస్త్రవేత్తలు చెప్పేదాన్ని కొండవాళ్లు తమ మాటల్లో చెప్తారు. మంచు ఆలస్యంగా పడుతోందని, పడినా నిలవడం లేదని, చలి చాలక ఆపిల్ కాపు దెబ్బతింటోందని అంటారు. ఉత్తరాఖండ్‌లో 13 సరస్సులు ముప్పులో ఉన్నాయని, వాటిలో ఐదు మరీ ప్రమాదకరమని తేల్చింది మీ ప్రభుత్వమే. తేల్చినవాళ్లే ఆలస్యం చేస్తే ఇక ఎవరిని అడగాలి?

ముందు ఆ ఐదింటి కింద ఉన్న ఊళ్లలో సైరన్లు పెట్టండి. ధరాలీ ఉన్న హర్సిల్ లోయలో పెట్టండి. సరస్సులు లేకపోయినా, పైన వదులు మట్టి ఉన్న ప్రతి వాగునూ చూడండి, ఎందుకంటే ధరాలీ మీ జాబితాల్లోని ముప్పులా రాలేదు. 2023లో పరీక్ష కోసం విడతలుగా ఫోన్లు మోగించి హెచ్చరిక మెసేజ్ పంపారు. ఆ మెసేజ్ కొండల్లోనూ పంపండి. కానీ సిగ్నల్ లేని మలుపులు ఎన్నో నాకు తెలుసు, కాబట్టి ఫోన్‌తో సరిపెట్టొద్దు. సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో ఊరివాళ్లకు, హోటళ్లవాళ్లకు, డోలీ కూలీలకు నేర్పండి. మా యాత్రికులకు మేమే నేర్పుకుంటాం. వాగు ఒడ్డున కొత్త హోటళ్లకు అనుమతి ఇవ్వకండి. కట్టినచోటే మళ్లీ కట్టనివ్వకండి, దండం పెడతాను.

యాత్ర రిజిస్ట్రేషన్ కోసం మావాళ్లు ఇప్పుడే అడుగుతున్నారు. అక్షయ తృతీయకు గంగోత్రి తలుపులు తెరుస్తారు. ఆలోపు ఏ ఊళ్లో ఏం పెట్టారో, పెట్టనిచోట ఎప్పటికి పెడతారో ఊరి పేరుతో, తేదీతో రాతపూర్వకంగా చెప్పండి. ‘పరిష్కరించబడింది’ అన్న మెసేజ్ మాత్రం మళ్లీ పంపకండి.

ఇట్లు,
చార్‌ధామ్ యాత్రల నిర్వాహకుడు,
హనుమకొండ