ఆవకాయ పార్సిల్‌కి మూడు ట్రిప్పులు

సంపాదకులకు,

గౌహతిలో చదువుకుంటున్న మా మనవరాలికి ఒక్క పార్సిల్ పంపడానికి మూడుసార్లు పోస్టాఫీసుకు తిరిగాను. తప్పు చాలావరకు నాదే. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదటి రోజు అట్టపెట్టెకి చుట్టూ టేపు వేసి, పిన్‌కోడుతో సహా అడ్రసు పెద్ద అక్షరాల్లో రాసి, దర్జాగా కౌంటర్ మీద పెట్టాను. లోపల ఏమున్నాయని అక్కడి అమ్మాయి అడిగింది. ఆవకాయ, మాడుగుల హల్వా, రెండు చుడీదార్లు, పవర్ బ్యాంకు, వాళ్ల పిన్ని కొన్న సెంటు సీసా, గోళ్ల రంగు అని చెప్పాను. "చివరి మూడూ తీసేయాలండీ, ఇది విమానంలో వెళ్తుంది" అంది. వేసిన టేపంతా మళ్లీ కోయించుకున్నాను.

సిగ్గుపడే మాట ఒకటి చెప్పాలి. నేను ముప్పై నాలుగేళ్లు ఓడరేవులో టాలీ క్లర్కుగా, అంటే ఎక్కే దిగే సరుకు లెక్క రాసే గుమస్తాగా పనిచేశాను. ఓడల్లో వచ్చే ప్రమాదకర సరుకును తొమ్మిది తరగతులుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో గుర్తు అంటిస్తారు. సెంటూ గోళ్ల రంగూ ఎర్ర లేబులు మీద మంట బొమ్మ ఉండే మూడో తరగతి. పవర్ బ్యాంకులో ఉండే లిథియం బ్యాటరీ తొమ్మిదో తరగతి. కంటెయినరు మీద ఆ గుర్తు కనబడితే ఆమడ దూరంలో ఆగేవాణ్ని. మా ఇంటి అద్దం బల్ల మీద ఉంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

రెండోసారి లైనులో నిలబడ్డాక వెనకనుంచి ఒకావిడ "నూనె కారతంది బాబూ" అంది. చూస్తే పెట్టె మూల ఎర్రగా తడిసింది. సీసా మూత బిగించి, పైన పాలిథిన్ కవరు కట్టాం, అది చాలనుకున్నాం. చాలదట. సీసాను ఇంకో గట్టి డబ్బాలో పెట్టి, మధ్య ఖాళీలో రంపపు పొట్టు లాంటిది కూరాలి. సీసా పగిలినా నూనెను ఆ పొట్టే పీల్చుకుంటుంది. లేకపోతే చెడేది నా ఆవకాయ ఒక్కటే కాదు, అదే సంచిలో వెళ్తున్న ఎవరి సర్టిఫికెట్లో కూడా. కారణం తెలిశాక కోపం పోయింది.

నూనె సంగతి చెప్పినావిడ గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటు పనికెళ్లిన కొడుక్కి చింతపండు, బట్టలు పంపుతోంది. చింతపండు మధ్య ఐదొందల నోటు మడిచి పెట్టింది. ఎందుకో అనుమానమొచ్చి అడిగింది కాబట్టి సరిపోయింది. నోట్లు అలా పెట్టకూడదని, ఇన్సూరెన్సు చేయించాలని చెప్పారు. నోటు తీసి కొంగున ముడేసుకుంది. అడగనివాళ్లు ఎంతమందో!

ఈ నిబంధనలు నిన్నా మొన్నా పెట్టినవి కావు. పేలేవి, సరిగ్గా చుట్టని పదునైనవి, హాని చేసే జీవాలు పోస్టులో పంపరాదని 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఉంది. దాని స్థానంలో కొత్త చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది కూడా. నేను వెళ్లినచోట మాత్రం ఏవి పంపకూడదో చెప్పే కాగితం ఇంగ్లీషులో, సన్నటి అక్షరాల్లో, తూకం మెషీను వెనక అంటించి ఉంది. పెట్టె కౌంటర్ ఎక్కాక గానీ అది కంటబడదు. కౌంటర్లో ఉన్న ఒక్క అమ్మాయీ అదే మాట రోజుకి ఎంతమందికి చెబుతుంది?

మా రేవులో చదువు రాని కళాసీలు కూడా మంట బొమ్మ చూసి బీడీ ఆర్పేసేవారు. పోస్టాఫీసుల గుమ్మం బయట అలాంటి బొమ్మల బోర్డు పెట్టమని అధికారులను కోరుతున్నాను. లైటరు, సెంటు, స్ప్రే డబ్బా, పవర్ బ్యాంకు, నోట్ల కట్ట బొమ్మలు వేసి, కింద తెలుగులో ఒక్కో ముక్క రాస్తే చాలు. ఊరగాయ ఎలా ప్యాక్ చేయాలో చూపించే ఒక నమూనా డబ్బా పక్కన పెడితే మరీ మంచిది. ఆవకాయల కాలంలో ఈ ఊళ్లో దాని అవసరం ఎంతో చెప్పక్కర్లేదు.

మూడోసారి పార్సిల్ వెళ్లింది. చుక్క నూనె కారలేదని, హాస్టల్ గది నిండా మాత్రం రంపపు పొట్టేనని మనవరాలు ఫోన్ చేసింది.

మా వీధిలో బోర్డులు రాసే పెయింటరు ఉన్నాడు. మొదటి బోర్డుకి రంగుల ఖర్చు, అతని కూలీ నేనే ఇస్తాను. గోడ మీద అంత చోటు చూపిస్తే చాలు.

ఇట్లు,
ఓడరేవు విశ్రాంత టాలీ క్లర్కు,
విశాఖపట్నం