డ్రమ్ము బిగించి ఇచ్చిన అన్నకు

మొన్న ఆదివారం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మా స్కూల్ బ్యాండ్ పాతవాళ్లం 11 మందిమి కలిశాం. ఒకప్పుడు రిపబ్లిక్ డేకి అదే గ్రౌండ్‌లో వాయిస్తూ నడిచినవాళ్లం. 1997 తర్వాత కర్రలు పట్టుకోవడం ఇదే మొదటిసారి. చేతులకు మార్చ్ ట్యూన్ గుర్తుంది గానీ డ్రమ్ములే మొరాయించాయి. సైడ్ డ్రమ్ అడుగు తీగలు వదులైపోయి, చురుగ్గా మోగాల్సింది డబడబమంటోంది. అందరికీ ఒకటే టెన్షన్.

పెళ్లి బ్యాండ్ డ్రెస్‌లో అటు వెళ్తున్న మీరు ఆ శబ్దం విని ఆగారు. జేబులోంచి చిన్న డ్రమ్ కీ తీసి, ఒక స్క్రూ తిప్పి, పక్కది వదిలేసి ఎదురుగా ఉన్నది తిప్పారు. "పక్కపక్కవి బిగిస్తే తోలు ఒకవైపే లాగుతది సార్" అన్నారు. ప్రతి స్క్రూ దగ్గరా వేలితో తట్టి, చెవి ఆనించి విన్నారు. ఆ తీగలూ సరిచేశారు. ఆ తర్వాత వాయించిన మొదటి రోల్‌కి, ఆ ఆగని దరువుకి, మాలో ఇద్దరు ఏడ్చేశారు.

పెళ్లివాళ్లు చూస్తుంటారంటూ చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పేరు అడగలేకపోయాం. చాలా థ్యాంక్స్ అన్నా. ఈ మాట మీ దాకా చేరితే ఒక్కసారి రండి, ఆ మార్చ్ మీ ముందు మొత్తం వాయిస్తాం.