అన్నం తగ్గించమనేవారు మాత్రల మాట ఎందుకెత్తరు?

సంపాదకులకు నమస్కారం.

చక్కెర వ్యాధి గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లో, టీవీ చర్చల్లో వచ్చే సలహాలు చాలావరకు రక్తంలో చక్కెర పెరగకుండా చూసుకోవడం చుట్టూనే తిరుగుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన సర్వే దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో లెక్క తేల్చాక ఆ మాత్రం హెచ్చరిక అవసరమే. అయితే విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన నాకు, చక్కెర పడిపోవడం గురించి మనం మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోవడం లేదనీ, అది మన తిండి వేళలతో ఎంతగా ముడిపడి ఉందో ఇళ్లలో చాలామందికి తెలియదనీ అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చక్కెర పడిపోయినట్టే లెక్క. 54 కంటే దిగితే మెదడు పని దెబ్బతినడం మొదలవుతుంది, ఎందుకంటే మెదడు తన పనికి దాదాపు పూర్తిగా గ్లూకోజు మీదే ఆధారపడుతుంది. మొదట చెమట, చేతుల వణుకు, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి కనిపిస్తాయి. అప్పుడు పట్టించుకోకపోతే మాట తడబడటం, చూపు మసకబారడం, కారణం లేని కోపం, అడిగినదానికి పొంతనలేని జవాబులు మొదలవుతాయి. తెల్లవారుజామున క్యాజువాలిటీకి వచ్చే కుటుంబాలు "మా ఆయన రేతిరి నుంచి ఏటేటో మాట్లాడేస్తన్నాడమ్మా, ఎవులో ఏదో చేసేసినారు" అని ఏడుస్తూ చెప్పడం మాకు మామూలే. మనిషి బనియను పిండితే నీళ్లు కారేలా తడిసి ఉండేది, ఒళ్లు చల్లబడి ఉండేది. వేలు గుచ్చి గ్లూకోమీటరులో చూస్తే 38 అనో 42 అనో పడేది. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికే కళ్లు తెరిచి, చుట్టూ చూసి, "నన్నెందుకు ఇక్కడికి తెచ్చారు?" అని ఇంట్లోవాళ్లనే కసురుకునేవారు. రాత్రి ఏం తిన్నారని అడిగితే మాత్రం జవాబు దాదాపు ఒకటే: ఆకలి లేదని రెండు ముద్దలతో లేచిపోయారు, బిళ్ల మాత్రం మరిచిపోకుండా వేసుకున్నారు.

చక్కెర మందులన్నీ ఇలా చేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు అలా కాదు. మనం తిన్నామా లేదా అన్నదానితో వాటికి నిమిత్తం లేదు, వేళకు తమ పని తాము చేసుకుపోతాయి. ఈ రోజుల్లో రెండు మూడు మందులు కలిపిన బిళ్లలే ఎక్కువగా రాస్తున్నారు కనుక తమ బిళ్లలో గ్లిమెపిరైడ్ ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు. అట్ట వెనుక ఏముందో మందుల షాపులోనైనా అడిగి తెలుసుకోవడం మేలు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ, వయసు మళ్లినవారిలోనూ ఈ మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి వాడేవారికి వణుకు, దడ పైకి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది కాబట్టి ఫ్యాను కింద కూర్చున్నా చెమట పడుతోందంటే అనుమానించాలి.

నా అసలు ఫిర్యాదు సలహాలిచ్చేవారి మీద. అన్నం మానేయండి, చిరుధాన్యాలు తినండి, పొద్దుగూకాక ఏమీ ముట్టకండి అని సెల్‌ఫోన్లలో రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఆ మాటల్లో మంచి లేదని నేననను. కానీ పూటకు ఇంత అన్నం తినే మనిషికి, ఆ తిండికి సరిపడేలా డాక్టరు మందు మోతాదు నిర్ణయించి ఉంటారు. అతను వీడియో చూసి రేపటి నుంచి అన్నం సగానికి సగం తగ్గించి, మందు మాత్రం పాతదే వేసుకుంటే ఏమవుతుందో ఆ చెప్పేవారు ఒక్కరూ చెప్పరు. తిండి మార్చుకునే ముందు డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలన్న ఒక్క వాక్యం ప్రతి ఆహార సలహా కింద ఉండి తీరాలని నా అభిప్రాయం. ఉత్తరాంధ్రకు చోడి (రాగి) అంబలి కొత్త కాదు. అయితే మన పెద్దలు అంబలి తాగి పొలానికి వెళ్లినా మధ్యాహ్నానికి కడుపునిండా తినేవారు, వారికి గ్లిమెపిరైడ్ లేదు. ఇప్పుడు బిళ్ల వేసుకుని, నీళ్లలాంటి అంబలి ఒక గ్లాసు తాగి, ఆర్కే బీచ్‌లో గంటసేపు నడిచి, అదే టిఫిను అనుకుంటున్నారు. రెండు చెంచాల పిండి కలిపిన ఆ గ్లాసు ఒక పూట తిండికి సాటిరాదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువమందికి ఇచ్చే 30/70 మిశ్రమ ఇన్సులిన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది పొడుచుకున్న అరగంటలో తినాలి. అందులో ఒక భాగం వెంటనే పనిచేస్తే, మరో భాగం కొన్ని గంటల తర్వాత జోరందుకుంటుంది. అందువల్ల ఉదయం పొడుచుకున్నవారు టిఫిను తిని ఊరుకుంటే చాలదు, మధ్యాహ్న భోజనమూ వేళ దాటకూడదు. రాత్రి పొడుచుకుని సరిగా తినకపోతే నడిరాత్రి దాటాక నిద్రలోనే చక్కెర పడిపోతుంది. పక్క తడిసిపోయేంత చెమట, పీడకలలు, లేచాక తలనొప్పి దానికి గుర్తులు. పడుకోబోయే ముందు పరీక్షలో 100 లోపు వస్తే గ్లాసు పాలో, రెండు ఇడ్లీలో తిని పడుకోవడం మంచిది. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, పరవాడ మందుల కంపెనీల్లో షిఫ్టుల్లో పనిచేసేవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. చీటీలో "ఉదయం, రాత్రి" అని రాసి ఉంటుంది. సి షిఫ్టు (రాత్రి షిఫ్టు) చేసి పొద్దున్న ఇంటికొచ్చి పడుకునేవాడికి ఉదయం ఏది, రాత్రి ఏది? వాళ్లు తమ షిఫ్టు చార్టును డాక్టరు ముందు పెట్టి, ఏ షిఫ్టులో ఎప్పుడు తిని ఎప్పుడు మందు వాడాలో రాయించుకోవాలి. డాక్టర్లకు తీరిక ఉండదన్నది నిజమే, అయినా అడగకపోతే వారు తమంతట తాము ఊహించలేరు.

ఇక పెళ్లిళ్ల సంగతి. ఫంక్షన్ హాల్లో నలుగురి ముందు సూది పొడుచుకోవడం బాగుండదని ఇంటి దగ్గరే పొడుచుకుని బయలుదేరతారు. దారిలో ట్రాఫిక్కు, అక్కడ ముహూర్తం, ఆ తర్వాత అక్షింతలకు వరుస, ఫొటోలు. మొదటి పంక్తి మగపెళ్లివారిది. పెద్దాయన చెమటలు తుడుచుకుంటూ కుర్చీలో కూర్చునే ఉంటాడు కానీ "నాకు ముందు పెట్టించండి" అని అడగడు. మొహమాటం. ఈ మొహమాటం వల్ల ఆసుపత్రికి వచ్చినవారిని నేను చూశాను. ఇంజెక్షన్ వెంట తీసుకెళ్లి, భోజనం ఎప్పుడన్నది తేలాకే పొడుచుకోవడం ఒక్కటే దీనికి మార్గం. పెళ్లి చేసేవారు కూడా మందులు వాడే పెద్దల కోసం ముందుగా ఒక చిన్న బంతి వేయిస్తే వచ్చే నష్టమేమీ లేదు.

ఉపవాసాలదీ ఇదే కథ. కార్తీక సోమవారాల్లో నక్షత్ర దర్శనం దాకా పచ్చిగంగ ముట్టని తల్లులు పొద్దున్నే బిళ్ల మాత్రం వేసుకుంటారు, మందు మానకూడదని ఎవరో చెప్పారు కనుక. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు మన పెద్దలూ ఇచ్చారు, రంజాన్ విషయంలో ఖురాన్ కూడా ఇచ్చింది. అయినా ఉండాలనుకుంటే కొన్ని వారాల ముందే డాక్టరును సంప్రదించాలి, మీటరులో 70 లోపు కనిపిస్తే ఆ క్షణమే ఉపవాసం విరమించాలి. రానున్న ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంది. కొండ దిగువన తొలిపావంచా నుంచి హనుమంతవాక, అప్పూఘర్, ఎన్ఏడీ కూడలి మీదుగా సుమారు 32 కిలోమీటర్లు, అందులో చాలా భాగం రాత్రి వేళ, కొందరు ఉపవాసంతో నడుస్తారు. నడిచే కండరాలు నడిచినంతసేపే కాదు, ఇంటికొచ్చి పడుకున్నాక కూడా గంటల తరబడి రక్తంలోని గ్లూకోజును పీల్చుకుంటూనే ఉంటాయి. కాబట్టి నడక రోజున మందు ఎంత తగ్గించాలో ముందే అడిగి పెట్టుకోవాలి, దారిలో పెట్టే పులిహోర, అరటిపండ్లు వద్దనకుండా కాస్త కాస్త తింటూ నడవాలి, ఇల్లు చేరాక మరోసారి పరీక్ష చేసుకోవాలి.

రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు ఇవ్వవలసింది 15 గ్రాముల చక్కెర. అంటే మూడు టీ చెంచాల పంచదారగానీ గ్లూకోజు పొడిగానీ అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే అంతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక తర్వాతి భోజనానికి గంటకు పైగా వ్యవధి ఉంటే ఇడ్లీయో అరటిపండో తినాలి. చేతికందిన తీపి ఏదైనా చాలనుకోవడం పొరపాటు. చాక్లెట్టు, ఐస్‌క్రీము, కోవా, మన మాడుగుల హల్వా వంటివాటిలో నెయ్యి, కొవ్వు ఉండటం వల్ల వాటిలోని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. చక్కెర లేని డైటు కూల్‌డ్రింకు తాగించి ఎంతకీ తేరుకోవడం లేదని కంగారుపడే ఇళ్లూ ఉన్నాయి. చక్కెర మాత్రల్లో వోగ్లిబోస్, అకార్బోస్ అనేవి వాడేవారికి పంచదార త్వరగా అరగదు, వారికి గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు ఒకసారి తేరుకున్నా కొన్ని గంటలకు చక్కెర మళ్లీ పడిపోవచ్చు కనుక ఆసుపత్రిలో ఉంచి గమనించమంటే, బాగానే ఉన్నాను కదా అని సంతకం పెట్టి వెళ్లిపోవద్దు.

మద్యం మాటా చెప్పాలి. ఖాళీ కడుపుతో తాగితే కాలేయం కొత్తగా గ్లూకోజును తయారుచేసే పని కుంటుపడుతుంది, ఆ దెబ్బ చాలా గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు ఉదయం తగులుతుంది. నోటి దగ్గర వాసన వస్తోంది కాబట్టి తాగి పడిపోయాడనుకుని రోడ్డు పక్కన వదిలేస్తారు. వాసన వచ్చినా సరే, ముందు వేలు గుచ్చి చూడాలి.

మధుమేహం లేనివారిలో కొందరికి పొద్దున్న పూరీ, తియ్యటి కాఫీతో సరిపెట్టుకున్నాక రెండు మూడు గంటలకు నీరసం, వణుకు వస్తుంటాయి. ఉత్త మైదా, చక్కెర బదులు పల్లీ చట్నీతో పెసరట్టు, గుడ్డు, ఉడికించిన శనగలు వంటివి తింటూ, పూటకు కొద్దికొద్దిగా తింటే చాలామందికి నెమ్మదిస్తుంది. అయితే ప్రతి నీరసమూ చక్కెర పడిపోవడం కాదు. ఆ సమయంలో మీటరుతో చూడకుండా రోజూ పంచదార నీళ్లు తాగే అలవాటు చేసుకోవద్దు.

గిరి ప్రదక్షిణ దారిలో నీళ్లు, మజ్జిగ పంచే సేవా సంఘాలవారు ఈసారి గ్లూకోజు పొట్లాలు, ఒక గ్లూకోమీటరు కూడా దగ్గర ఉంచుకోవాలనీ, ఇన్సులిన్ ఇచ్చే ప్రతి ఆసుపత్రిలో తిండి వేళలు రాసిన తెలుగు కాగితం ఒకటి రోగి చేతికి ఇవ్వాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆషాఢం లోపు, కార్తీకానికి ముందు మరోసారి, ఎండోక్రైనాలజిస్టు (మధుమేహం, హార్మోన్ల వైద్య నిపుణులు) ఒకరి చేత ఈ విషయాలు సరిచూయించి మీ ఆరోగ్య పేజీలో ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
సీతమ్మధార, విశాఖపట్నం.