తుపాకీ ఖాళీగా ఉందనుకుంటే చాలదు

సంపాదకుడు గారికి,

అమెరికాలో తుపాకీ అనగానే మన పత్రికల్లో మొదటి పేజీకెక్కేవి సామూహిక కాల్పులు, దుకాణాల్లో దోపిడీలు. సొంత తుపాకీ చేతిలోనే పేలి ఆసుపత్రికి వచ్చేవాళ్ల ఊసు ఉండదు. 2024 నవంబరులో తెలంగాణ విద్యార్థి ఒకరు జార్జియా రాష్ట్రంలో తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోతే, రెండు రోజులు అయ్యో అనుకుని వదిలేశాం. అమెరికాలో ఇలా పొరపాటున పేలిన తుపాకులకు ఏటా సుమారు 500 మంది చనిపోతున్నారు. గాయాలతో బయటపడేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

డాలస్ ప్రాంతంలో ఎమర్జెన్సీ నర్సుగా పనిచేస్తున్నాను. ఇలా వచ్చేవాళ్లు చెప్పేది చాలావరకు ఒకటే: "లోపల ఏమీ లేదనుకున్నా." తూటాలు నింపే మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు. అప్పటికే గొట్టం మొదట్లో తూటా కూర్చునే ఛాంబర్‌లోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. పైగా కొన్ని పిస్టళ్లను శుభ్రం చెయ్యడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. కుడి వేలు ట్రిగ్గర్ మీద, ఎడమ చెయ్యి గొట్టం ముందు. అరచేతిలో రంధ్రం, దాని చుట్టూ మసి. మేం ముందు వేలి ఉంగరం తీసేస్తాం. వేలు వాచిపోయాక అది రాదు, ఉంగరాన్ని కోసెయ్యాల్సిందే. తర్వాత ఒక్కో వేలి కొసా ముట్టుకుని "తెలుస్తోందా?" అని అడుగుతాం. నరం తెగితే ఆ వేలికి స్పర్శ ఉండదు. మన సినిమాల్లో తూటా బయటికి తీస్తే ప్రాణం నిలిచినట్టే గానీ, కీల్లోనో నరం మీదో ఇరుక్కుంటే తప్ప చాలాసార్లు దాన్ని లోపలే వదిలేస్తారు. అసలు తిప్పలన్నీ విరిగిన ఎముకతో, తెగిన నరంతోనే.

ఇంకో సంగతి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకూ అంతే. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని పట్టుకునే కొందరు కొంటున్నారు. టెక్సస్‌లో తుపాకీ గాయంతో ఎవరొచ్చినా ఆసుపత్రి పోలీసులకు చెప్పి తీరాలి. "పోలీసులకు చెప్పకండి అక్కా" అని బతిమాలినా నేను చెయ్యగలిగిందేమీ ఉండదు.

ఇక్కడి తెలుగు సంఘాలు కొత్త విద్యార్థులకు డ్రైవింగ్ లైసెన్సు గురించీ, పన్నుల గురించీ సదస్సులు పెడుతుంటాయి. అందులో ఒక అరగంట దీనికీ ఇవ్వాలి. తుపాకీ కొనొద్దని నేనైతే గట్టిగానే చెబుతాను. కొన్నవాళ్లకు మాత్రం ఛాంబర్ ఎలా చూడాలో, తూటాలు వేరేచోట ఎందుకు తాళం వేసి పెట్టాలో ఎవరో ఒకరు చూపించాలి. ఇక్కడ డీలరు పిస్టల్ అమ్మితే తాళమో, లాక్ పెట్టో ఇవ్వాలని చట్టమే ఉంది. ఆ తాళం చాలా ఇళ్లలో సీలు విప్పకుండా సొరుగులో పడి ఉంటుంది.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. షూటింగ్ రేంజ్‌కి వెళ్లామని పిల్లలు ఫొటో పంపితే, ఆ తుపాకీ అక్కడ అద్దెకు తీసుకున్నదా, రూమ్మేట్‌దా అని అడగండి. రూమ్మేట్‌దైతే, గదిలో దాన్ని ఎక్కడ పెడుతున్నారో కూడా అడగండి.

– ఒక తెలుగు నర్సు, డాలస్, టెక్సస్