12.5 కాస్తా 12 ఎలా అయిందంటే

మీరు పంపే కేటలాగుల్లో వస్తువులు వెతికే మా సెర్చ్‌లో కొన్ని వారాలుగా సైజు ఫిల్టర్ తప్పు ఫలితాలు చూపించింది. తప్పు పూర్తిగా నాదే. ఏం జరిగిందో దాచకుండా చెబుతున్నాను.

ఒక కస్టమర్ ఫోన్ చేసి, "12 మిల్లీమీటర్ల పైపు వెతికితే 12.5ది కూడా వస్తోందండీ. 12.5 అని కొడితే ఒక్కటీ రావట్లేదు" అన్నారు. బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడమన్నాను. ఏమీ తోచనప్పుడు మావాళ్లంతా చెప్పే మాటే అది. మర్నాడు ఆయన స్క్రీన్‌షాట్ పంపారు: ఫిల్టర్‌లో 12, దాని కిందే వచ్చిన వరుసలో 12.5. అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్.

మేం వాడేది ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్. అందులో సైజు ఫీల్డ్‌కు నేను ఇంటీజర్ టైపు, అంటే పూర్ణాంకాలు మాత్రమే దాచే రకం పెట్టాను. మొదట్లో వచ్చిన కేటలాగుల్లో సైజులన్నీ పూర్ణాంకాలే మరి. తర్వాత 12.5 వచ్చినప్పుడు ఎర్రర్ ఇచ్చి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. కానీ కోయర్స్ అనే సెట్టింగ్ మనం ఆపకపోతే ఆన్‌లోనే ఉంటుంది. అది చుక్క తర్వాతి భాగాన్ని కోసేసి, సెర్చ్ వెతికే పట్టికలో (ఇండెక్స్‌లో) 12 అని రాస్తుంది. 12.9 వచ్చినా 12గానే రాసుకుంటుంది. మీరు పంపిన అసలు రికార్డు మాత్రం పక్కనే చెక్కుచెదరకుండా ఉంటుంది, తెర మీద చూపించేది దాన్నే. అందుకే కంటికి 12.5, సెర్చ్‌కు 12.

ఇంటీజర్ ఎందుకు పెట్టానంటే, ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్ అనే టైపు కంటే చోటు తక్కువ తీసుకుంటుందనుకున్నాను. అదీ పొరపాటే. డిస్క్ మీద ఎంత చోటు పడుతుందన్నది ఎక్కువగా లోపలున్న అసలు విలువలను బట్టి ఉంటుంది, టైపు పేరును బట్టి కాదు.

ఇప్పుడు సైజులను స్కేల్డ్ ఫ్లోట్‌కు, అంటే దశాంశాన్ని మనం చెప్పిన సంఖ్యతో గుణించి పూర్ణాంకంగా దాచే టైపుకు మార్చాం. ధరలకు మొదటి నుంచీ ఇదే వాడుతున్నాం: 19.99ని 100తో గుణించి 1999గా దాచుకుంటుంది, చిల్లర తేడాలు రావు. సైజులకు 100 చాలదు. అంగుళంలో ఎనిమిదో వంతు సరిగ్గా 3.175 మిల్లీమీటర్లు, 100 పెడితే ఆ మూడో అంకె గల్లంతే. కాబట్టి 1000 పెట్టాం.

ఈ పనిలో ఉండగానే ఇంకో తప్పు బయటపడింది, దీన్ని ఎవరూ మాకు చెప్పలేదు. ఐటమ్ కోడ్‌లను కూడా నంబర్లుగా పెట్టేశాను. దాంతో 00731, 731 అనే రెండు వేర్వేరు వస్తువులు సెర్చ్‌కు ఒకటే అయ్యాయి. 007తో మొదలయ్యేవన్నీ చూపించమంటే కుదరదు కూడా. నిజానికి కోడ్‌లను ఎవరూ కూడరు, సగటు తీయరు. అంకెలతో రాసినా అది పేరే. అందుకని వాటిని కీవర్డ్ టైపుకు, అంటే రాసింది రాసినట్టే అక్షరాలుగా దాచే రకానికి మార్చాం. స్టాక్ లెక్క మాత్రం నంబరుగానే ఉండాలి, లేకపోతే అక్షరక్రమంలో 9 కంటే 100 ముందు వచ్చి కూర్చుంటుంది.

ఒకసారి పెట్టిన టైపును ఉన్న ఇండెక్స్‌లో మార్చడం కుదరదు. కొత్త ఇండెక్స్ కట్టి, మీ అసలు రికార్డులన్నీ అందులోకి మళ్లీ ఎక్కించి, సెర్చ్‌ను పాతదాని నుంచి కొత్తదాని మీదికి తిప్పాం. మీరు ఏదీ మళ్లీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఇకపై సైజు ఫీల్డ్‌లో అంకె కానిది వస్తే, మింగేయకుండా ఆ వరుసను వెనక్కి పంపుతాం. కొంచెం విసుగ్గా అనిపించవచ్చు, అయినా ఉంచుతున్నాను.

ఒక్కటి మాత్రం మీ చేతుల్లో ఉంది. ఎక్సెల్‌లో కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాకే కోడ్‌లు టైప్ చేయండి. లేకపోతే ముందున్న సున్నాలు ఫైల్ మా దగ్గరకు రాకముందే పోతాయి, 15 అంకెలు దాటిన కోడ్ అయితే చివరి అంకెలు కూడా సున్నాలైపోతాయి. అలా పోయినవాటిని మేం తిరిగి తేలేం. ఇప్పటికే పంపిన ఫైళ్లలో అలాంటి కోడ్‌లు కనిపిస్తే ఆ వరుసలు మాత్రం సరైన కోడ్‌లతో పంపండి, మేమే సరిచేస్తాం.