షుగర్ చీటీలో మనసుకూ ఒక గడి కావాలి

ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. మధుమేహ రోగి చీటీలో హెచ్‌బీఏ1సీకి (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), బీపీకి, పాదాల పరీక్షకు గళ్లుంటాయి. మనసుకు మాత్రం ఉండదు. ఆ ఒక్కటీ చేర్చించండి.

మధుమేహం వల్ల మనసుపై పడే భారాన్ని కొలిచే పెయిడ్-5 ప్రశ్నావళిలో ఐదే ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తం 8 లేదా అంతకన్నా ఎక్కువైతే, రోగి జబ్బుతో వేగలేక విసిగిపోతున్నాడని అనుమానించాలి. ఈ విసుగూ డిప్రెషనూ ఒకటి కాదు. దిగులు తగ్గించే మాత్రల కన్నా ముందు చికిత్సను తేలిక చేయాలి, చెప్పేది వినాలి.

డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ప్రశ్నావళి ఉంది. పొరపాటు జరిగేది ఇక్కడే. నీరసం, నిద్ర చెడటం, ఆకలిలో మార్పు షుగర్ పెరిగినా వస్తాయి. అందుకే మొత్తం మార్కులు 10 లేదా అంతకన్నా ఎక్కువ రాగానే మందు రాసేయకుండా, దిగులు, ఆసక్తి పోవడం ఉన్నాయా అని విడిగా అడగాలి. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు వస్తే, మొత్తం ఎంతున్నా అదే రోజు మాట్లాడాలి. ఇన్సులిన్ రోగి చేతిలోనే ఉంటుంది మరి.

గుండెదడ, చెమట, వణుకు అంటే కంగారేనని సిబ్బంది తేల్చేయకూడదు. షుగర్ పడిపోయినా ఇవే వస్తాయి కాబట్టి, ముందు గ్లూకోమీటర్‌తో చూడాలి. షుగర్ 70 mg/dL కన్నా తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నవారికి 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి.

ఇంకొకటి: అంకెలు చూసి మందలించడం ఆపించండి. తిట్లు తిన్నవారు మరుసటిసారి రీడింగులు దాస్తారు, లేదా అసలు రారు.

గడి చేర్చి, కౌన్సెలర్‌ను పెట్టకపోతే మాత్రం అది వట్టి కాగితమే. రెండూ ఒకే ఉత్తర్వులో ఇవ్వండి.

ఇట్లు,
మధుమేహ చికిత్సలో పనిచేసే వైద్యులు, కౌన్సెలర్లు