పారని వంక కూడా వంకే

సంపాదకులకు,
నమస్కారం.

అనంతపురంలో వాన గట్టిగా పడి కాలనీలు మునిగిన ప్రతిసారీ ఒకే మాట చదువుతున్నాను: ‘కరువు సీమలో ఊహించని వరద’. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి నగరంలో ఇళ్లు మునిగినప్పుడు అదే మాట. 2024 అక్టోబరులో పండమేరు కాలనీల మీద పడినప్పుడూ అదే. నేను ఈ జిల్లా బడుల్లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ని. ఆ ‘ఊహించని’ అన్న మాట నాకు మింగుడు పడదు. మన నేల తీరు, వాన తీరు తెలిసినవాళ్లకు ఈ వరద ఊహకు అందనిది కాదు. వాన నీళ్లు పారే వాగులకు, అంటే మా సీమ వంకలకు, దారి మూసేస్తే వచ్చేదే ఇది.

పిల్లలందరూ పరీక్షలో ఒక వాక్యం తప్పకుండా రాస్తారు, అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉందని. అది నిజమే. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం నుంచి వచ్చి కనుమల మీదే బరువంతా దించుకుంటాయి. ఇటు దిగేసరికి ఒట్టి గాలి మిగులుతుంది. జూన్, జూలై నెలల్లో ఆ గాలి చేలో ఉన్న కాస్త పదునును కూడా ఆరబెట్టిపోతుంది. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు ఎక్కువగా ఒడిశా, ఉత్తర కోస్తా దారి పడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు, తమిళనాడు తీరం దాటి వచ్చే తుపానులు వెలికొండలు, పాలకొండలు, శేషాచలం దాటుకొని మన దాకా వచ్చేసరికి నీరసించిపోతాయి. రెండు సముద్రాలకూ మనం దూరపు చుట్టాలమే. అందుకే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకుంటున్నాం.

ఇంతవరకు చదివి పుస్తకం మూసేయడం దగ్గరే తప్పు జరుగుతోంది. ఆ 550 ఎలా పడుతుందన్నది అసలు సంగతి. ఇరవై రోజులు, నెల రోజులు చుక్క రాల్చకుండా ఎండగట్టి, ఒక్క రాత్రిలో వంద మిల్లీమీటర్లు కుమ్మరించి పోతుంది. జిల్లాలో వానకు అసలు నెలలు సెప్టెంబరు, అక్టోబరులు. పెద్దలకు ఈ లెక్క తెలుసు గనకే ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నారు. సెప్టెంబరు నడిమిలో వచ్చే ఉత్తర కార్తె దాకా ఓపిక పట్టు, అప్పటికీ వాన లేకుంటేనే గంప నెత్తిన పెట్టుకొని వలస పో అని చెప్పడం.

ఇక నేల. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం 335 మీటర్ల దగ్గర ఉంది. నందికొండల్లో పుట్టిన పెన్న మన దగ్గర ముందు ఉత్తరానికి పారి, ఆ తర్వాత తూర్పుకు మళ్లేది ఈ వాలు వల్లే. మా మెట్ట చేలల్లో చాలాచోట్ల పైన మూరెడు ఎర్రమట్టి, దాని కింద రాయి. గంట సేపు దంచి కొడితే ఆ మట్టి తాగేటంత తాగి మిగతాది వదిలేస్తుంది. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. వంద మిల్లీమీటర్లయితే నాలుగు లక్షలు. ఆ నీళ్లు వంకలో పడాలి, వంక చెరువులో కలవాలి, చెరువు నిండితే మరవ (అలుగు) పారి కింది చెరువుకు పోవాలి. ఇదే మనకున్న ఏర్పాటు. సీమ చెరువుల్లో చాలా భాగం ఈ వంకల మీద ఆధారపడి బతికినవే.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అందులో వరసగా చెక్కించారు. ఆ అంగాల్లో గట్టి నేల, రాతి కట్టతో పాటు తియ్యని నీళ్లు తెచ్చే నది కూడా ఉంది. నీళ్లొచ్చే దారిని కూడా ఆరున్నర వందల ఏళ్ల కిందటే చెరువులో భాగంగా లెక్కగట్టారు. మనం మాత్రం చెరువంటే కట్టా, తూమూ, లోపలి పూడికా అనుకుంటున్నాం. పూడిక తీయడానికి డబ్బు మంజూరవుతుంది, పొక్లెయిన్లు వస్తాయి, ఫొటోలు పడతాయి. ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే వంక ఏమైందో చూసేవాళ్లు లేరు.

మా ఊరి వంక సంగతే చెబుతాను. నా చిన్నప్పుడు దాంట్లో రెండు ఎద్దుల బండ్లు పక్కపక్కనే పోయేవి. వేసవిలో అమ్మావాళ్లు ఆ ఇసకలో చెలమ తోడి, చిప్పతో నీళ్లు ముంచి బిందె నింపేవాళ్లు. మృగశిర కార్తె ముందు, చెరువు నీళ్ల బాగోగులు చూసే నీరుగంటి పార భుజాన వేసుకొని పైనుంచి చెరువు దాకా నడిచి, అడ్డం పడిన కంప, మట్టి తీసేవాడు. ఆ పనికి ఇనాం భూమి ఉండేది. ఇప్పుడు నీరుగంటి లేడు. ఇసక పోయింది. వంక నిండా సర్కారు తుమ్మ. ఒకచోట చేను ముందుకు జరిగింది, ఇంకోచోట ఇళ్ల ప్లాట్లు పడ్డాయి. రోడ్డు దాటేచోట రెండు సిమెంటు గొట్టాలు వేసి పైన మట్టి పోశారు. ఒక్కో గొట్టంలో ఒక మనిషి వంగి దూరగలడు, అంతే. రెండు బండ్లు పట్టిన వంకను ఆ గొట్టాల్లో దూర్చారు.

దీని మీద నేనే ఒక కార్యాలయానికి వెళ్లి అర్జీ ఇచ్చాను. ‘పదేళ్లుగా పారని వంక గురించి ఎందుకు సార్’ అన్నారు అక్కడ. ఎదురుగా కుర్చీలో కూర్చొని ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. పదేళ్లు పారకపోవడం మన వంకల స్వభావం. పదకొండో ఏట ఒక్క రాత్రి పారుతుంది. ఆ ఒక్క రాత్రి కోసమే దారి వదలాలి. దారి లేకపోతే ఇళ్లలో దూరుతుంది, చెరువు మాత్రం ఎండిపోయే ఉంటుంది. అదే ఊళ్లో అదే ఏడాది వరద నష్టమూ, నీళ్ల ట్యాంకర్లూ చూశాం.

శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువ ద్వారా మన చెరువులకు ఇస్తున్నారు. అది కావలసిందే, ఇంకా రావాలి. కానీ అంత కరెంటు ఖర్చుపెట్టి నీళ్లు తెచ్చుకుంటూ, ఖర్చు లేకుండా మన నెత్తిన పడే నీటికి దారి మూసేయడం న్యాయమా?

నేను అడిగేది పెద్ద పథకమేమీ కాదు. ప్రతి గ్రామ పటంలో వంక పోరంబోకు, అంటే వంక కోసం వదిలిన ప్రభుత్వ భూమి, గీసి ఉంటుంది. సర్వేయరును పంపి కొలిపించి, రెండు వైపులా రాళ్లు పాతించండి. ఆ పటాన్ని ఊరి సచివాలయం గోడకు అతికించండి. ఇల్లు కట్టుకున్న పేదవాళ్లను రోడ్డున పడేయమని నేను అనడం లేదు. వాళ్లకు మరోచోట స్థలం ఇచ్చాకే కదిలించాలి. కొత్తగా ప్లాట్లు వేసేవాళ్లను మాత్రం ఇప్పుడే ఆపాలి. రోడ్డు కింద గొట్టాలు తీసేసి వంక వెడల్పుకు సరిపడా కల్వర్టు కట్టాలి.

మీ పత్రికకూ ఒక మనవి. ఉత్తర కార్తె రాకముందే మండలానికి ఒక వంక తీసుకొని, పటంలో ఎంత వెడల్పుందో, నేల మీద ఎంత మిగిలిందో మీ విలేకరుల చేత కొలిపించి అచ్చువేయండి. మా ఊరి పటం నకలు నా దగ్గరుంది. విలేకరి వస్తే చెరువు దగ్గర మొదలుపెట్టి పైదాకా వెంట నడిచి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా